మంటల తర్వాత మళ్లీ కట్టుకున్న వడ్రంగి షెడ్డు: కొన్ని వేసవులు గడిచాక ఒక సమీక్ష

విజయవాడ శివారులో మా ఇంటి పెరట్లో ఉన్న వడ్రంగి షెడ్డు 2019 వేసవిలో కాలిపోయింది. ఆ తర్వాత ఏ యంత్రాలను బాగుచేయించుకున్నాను, వేటిని కొత్తగా కొన్నాను, భద్రత పేరుతో బిగించిన వాటిలో ఏవి ఇన్నేళ్ల వాడకానికి నిలిచాయి, ఏవి గోడకు అలంకారంగా మిగిలాయి అన్నది ఈ సమీక్షలో రాస్తున్నాను. మంటలార్పే సిలిండరైనా, వేడిని పసిగట్టే పరికరమైనా కొన్న రోజున బాగానే కనిపిస్తుంది కనుక, కొన్న వారంలో రాసిన సమీక్షలకు ఇటువంటి వస్తువుల విషయంలో పెద్దగా విలువ ఉండదు. రంపపు పొట్టును, కోస్తా ఉక్కపోతను, రేకుల కింద మే నెల వేడిని, రోజూ పని చేసుకునేవాడి విసుగును తట్టుకుని ఇప్పటికీ పనిలో ఉన్నదే మంచి వస్తువు అన్నది నా కొలమానం.

నిప్పు పుట్టింది షెడ్డుకు కరెంటు తెచ్చే లైనులోని జంక్షన్ బాక్సులో. అందులో న్యూట్రల్ జాయింటు కాలక్రమంలో వదులైంది. వదులు జాయింటు దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుంది గానీ లైనులో పారే కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనే ఆగిపోయే స్విచ్చు) పడిపోదు; భూమిలోకి లీకేజీ ఉండదు కాబట్టి ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్చు) కూడా కదలదు. రెండూ సక్రమంగా ఉండగానే బాక్సులో చేరిన సన్నటి పొట్టు రాజుకుంది. అగ్నిమాపక సిబ్బంది, ఆ తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ కూడా ముద్దగా కరిగిన రాగి తీగను చూసి ఇదే మాట చెప్పారు. ఇంటికి, షెడ్డుకు మధ్య ఖాళీ స్థలం ఉండటం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

మంటలో కాలింది కొంతే. మసి, తేమ కలిసి పాడుచేసేది అంతకంటే ఎక్కువ. పీవీసీ తొడుగున్న తీగలు కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది మసితో పాటు గది అంతటా పరుచుకుని, మంటలార్పిన నీటి తేమ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి, మంట దరిదాపులకు రాని ఇనుమును కూడా తినడం మొదలుపెడుతుంది. దీనికి తోడు ఇరుగుపొరుగువారు తెచ్చి కొట్టిన, ఏబీసీ రకం మంటలార్పే సిలిండరు పొడి ఉంది. ఆ పొడిలో ప్రధానంగా ఉండే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ గాలిలోని తేమను పీల్చుకుని జిగురుగా మారి, అదీ ఆమ్ల గుణమే చూపిస్తుంది. మర్నాటి పొద్దునకే లేత్ (కలపను తిప్పుతూ చెక్కే యంత్రం) బెడ్డు, అంటే దాని అడుగు దిమ్మ మీద వేలితో గీస్తే అంటుకునేంత నారింజ రంగు తుప్పు పూసింది. అందుచేత షెడ్డు కాలినవారు మొదట కొనవలసింది యంత్రాలను కాదు, చాకలి సోడాను, కిరోసిన్‌ను, మెషీన్ ఆయిల్‌ను, గుడ్డ పీలికలను.

ముందుగా ప్రతి వస్తువునూ ఉన్నచోటనే ఫొటోలు తీసి, బీమా సర్వేయరుకు ఫోనులో చెప్పి, కడగడానికి అనుమతిని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. సర్వేయరు చూసేదాకా ఏదీ ముట్టుకోకూడదని కూర్చుంటే బతికిన యంత్రం కూడా చేజారుతుంది. పొడి మసిని తడి చేయకుండా మెత్తటి బ్రష్షుతో, వాక్యూమ్‌తో లాగేయాలి. తడిగుడ్డతో రుద్దితే అది రంధ్రాల్లోకి దిగిపోతుంది. తర్వాత సోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, మంచినీటితో మళ్లీ తుడిచి, వెంటనే ఎండబెట్టి నూనె పట్టించాలి. మా షెడ్డు పైకప్పు పాత సిమెంటు రేకులది. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, మంటలో అవి టపాకాయల్లా పేలి ముక్కలవుతాయి. ఆ ముక్కలను చీపురుతో ఊడ్చకుండా నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని, గోతాల్లో కట్టించి పంపాను.

పోత ఇనుముతో చేసిన లేత్ బెడ్డు పూర్తిగా దక్కింది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్ ఆకులతో కింద సందు ఎంతుందో చూసుకుని, వంగలేదని నిర్ధారించుకున్నాకే మిగతా వాటి మీద ఖర్చు పెట్టాను. ఈ వరుస ముఖ్యం. బెడ్డు వంగిన లేత్‌కు కొత్త మోటారు బిగించుకుని లాభం లేదు. చిన్న భాగాల తుప్పును బకెట్‌లో చాకలి సోడా నీళ్లు పోసి, బ్యాటరీ ఛార్జరుతో విద్యుద్విశ్లేషణ ద్వారా వదిలించాను. వస్తువును మైనస్‌కు, పనికిరాని ఇనుప రేకును ప్లస్‌కు తగిలించాలి. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో చేరుతాయి కనుక దాన్ని వాడకూడదు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. అలా శుభ్రం చేసిన టెయిల్‌స్టాక్ (లేత్‌లో కలప చివరను పట్టి ఉంచే భాగం) స్క్రూ ఇప్పటికీ బిగువు పోకుండా తిరుగుతోంది.

మోటార్లను ఆటోనగర్‌లో రీవైండింగ్ చేయించాను. అక్కడి మేస్త్రీ మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి చూసి, "వైండింగ్ మారిస్తే తిరుగుద్దండీ, బేరింగులు మాత్రం పాతవే వెయ్యమనకండి" అన్నాడు. ఆయన మాటే నిజం. బేరింగు పైకి మెరుస్తూ కనిపించినా లోపలి గ్రీజు మాడి గట్టిపడి ఉంటుంది, రంగు తిరిగిన ఉక్కు గట్టిదనం కోల్పోయి ఉంటుంది. వైండింగ్‌కు 155 డిగ్రీల వరకు తట్టుకునే ఎఫ్ తరగతి ఇన్సులేషన్ వేయమని అడిగాను. అప్పుడు చేయించిన రెండు మోటార్లూ ఇంకా నడుస్తున్నాయి. బ్యాండ్ సా (పట్టీ రంపం) మోటారుకు కెపాసిటర్ ఒకసారి మార్చాను, అంతే. కొత్త మోటారు ధరతో పోలిస్తే ఇది బేరమే.

ఉలుల దగ్గర మాత్రం ఆశ వదులుకోవలసి వచ్చింది. మామూలు కార్బన్ ఉక్కు ఉలి దాదాపు 300 డిగ్రీల వేడికి నీలి రంగు తిరుగుతుంది, అంటే దానికి కమ్మరి పట్టించిన నీరు, అంటే గట్టిదనం, చాలావరకు పోయినట్టే. ఆకురాయితో అంచు మీద రుద్ది చూస్తే తెలిసిపోతుంది: జారిపోతే ఉలి బతికినట్టు, కొరికితే మెత్తబడినట్టు. హైస్పీడ్ స్టీలుతో చేసిన లేత్ ఉలులు అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటాయి గనుక అవి దక్కాయి. మెత్తబడిన వాటిలో కొన్నింటిని కొలిమిలో కాల్చి మళ్లీ నీరు పట్టించాను. వాటిలో వెడల్పాటివి బాగానే పనిచేస్తున్నాయి గానీ సన్నటి ఉలులు వంకర తిరిగాయి. సన్నవాటిని కొత్తగా కొనుక్కోవడమే మేలు. కలప విషయంలో మాత్రం ఊహించనంత మేలు జరిగింది. మందపాటి టేకు దిమ్మల పైపొర బొగ్గై, ఆ బొగ్గే లోపలి కలపకు కవచమైంది. చిత్రిక పట్టి నల్లటి పొర తీసేసిన దిమ్మలతోనే ఇప్పుడు నేను వాడుతున్న పనిబల్లను చేసుకున్నాను. సన్నటి పలకలు, ప్లైవుడ్ ఏవీ మిగల్లేదు.

బీమా గురించి క్లుప్తంగా చెబుతాను. అప్పట్లో నాకున్నది పాత ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీ. యంత్రాల వయసును బట్టి తరుగు తీసేసి సొమ్ము ఇచ్చారు, ఆలస్యమైనా వచ్చింది. అటువంటి పాలసీల్లో అసలు విలువ 10 లక్షలున్న సరుకును 6 లక్షలకే బీమా చేస్తే, నష్టం పాక్షికమైనా అందులో 60 శాతమే ఇస్తారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష, 5 కోట్ల లోపు విలువ గల చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీలు వచ్చాయి. రెండో దానిలో తక్కువ విలువకు బీమా చేసినా 15 శాతం తేడా వరకు కోత పెట్టరు. పెరట్లో వస్తువులు తయారుచేసి అమ్మేవారు ఇంటి పాలసీలోనే షెడ్డు కూడా ఇమిడిపోతుందని అనుకోకుండా, ఇంటికి మొదటిది, షెడ్డుకు రెండోది విడివిడిగా తీసుకోవడం మంచిది. నేను అలాగే నడుపుకుంటున్నాను. అగ్నిమాపక శాఖ ఇచ్చే ధ్రువపత్రం, బిల్లుల నకళ్లు, యంత్రాల మీది నంబరు పలకల ఫొటోలు షెడ్డులో కాకుండా ఇంటి బీరువాలో ఉండాలి.

ఇటుక గోడలు నిలబడ్డాయి. కాంక్రీటు లింటెల్ మాత్రం గులాబీ రంగుకు తిరిగి, సుత్తితో తడితే బోలుగా మోగింది. కాంక్రీటు 300 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు ఆ రంగు రావచ్చు, బలమూ తగ్గుతుంది. ఇంజనీరు సలహా మీద దాన్ని తీయించి కొత్తది పోయించాను. పైన రంగు పూసిన ఇనుప రేకులు వేయించాను. వాన చప్పుడు, వేడి రెండూ సిమెంటు రేకుల కంటే ఎక్కువే. కింద రాక్‌వూల్ (కాలని రాతి నార) పలకలు కొట్టించాక పని చేయగలిగేంత చల్లబడింది. థర్మాకోల్ చవకే గానీ కాలే వస్తువును నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వైరింగ్‌ను తక్కువ పొగ వెలువరించే, హాలోజన్ (క్లోరిన్ వంటి మూలకాలు) లేని రకం తీగతో, యంత్రాల సాకెట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల మందంతో చేయించాను. ధర ఎక్కువే, కానీ మసి చేసిన పని చూశాక పీవీసీ వైపు మనసు పోలేదు. మొదట బిగించిన సి రకం ఎంసీబీలు బ్యాండ్ సా మొదలుపెట్టగానే అప్పుడప్పుడూ పడిపోయేవి. సి రకం తన రేటింగుకు 5 నుంచి 10 రెట్ల క్షణిక కరెంటుకు పడిపోతుంది, డి రకం 10 నుంచి 20 రెట్ల వరకు ఓర్చుకుంటుంది. మోటార్ల లైన్లకు డి రకం వేశాక ఆ ఇబ్బంది పోయింది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని నెలకోసారి టెస్ట్ మీట నొక్కి చూస్తున్నాను. అసలు కారణమైన వదులు జాయింటు దగ్గర లేచే నిప్పురవ్వలను పసిగట్టేది ఏఎఫ్‌డీడీ అనే వేరే పరికరం. దాన్ని గత ఏడాది పెట్టించాను. కార్బన్ బ్రష్షులు అరిగిన చేతి రౌటరుకు (కలపలో గాడులు తీసే పరికరం) అది పడిపోయేది, బ్రష్షులు మార్చాక మానింది. ధర భారమే. అంత పెట్టలేనివారు జాయింటు బాక్సులన్నీ పొట్టు దూరని మూత రకంవి వేయించి, ఏడాదికోసారి ప్రతి స్క్రూనూ బిగించుకుంటే చాలా వరకు సరిపోతుంది. అన్నింటికంటే ఎక్కువగా వాడుతున్నది మాత్రం తలుపు బయట పెట్టించిన మెయిన్ స్విచ్చు. షెడ్డు మూసేటప్పుడు దీపంతో సహా అన్నీ ఒకే చేత్తో ఆపేసి వెళ్తాను. వానకు తడవకుండా దానికి రేకు గొడుగు ఒకటి అవసరమైంది.

పొగను పసిగట్టే పరికరం షెడ్డుకు పనికిరాదు. పొట్టు లేచినప్పుడల్లా అది మోగేది, చివరికి నేనే బ్యాటరీ తీసేసేవాణ్ని. ఇప్పుడు అది ఇంటి వరండాలో హాయిగా ఉంది. వేడిని పసిగట్టే రకం సరైనదే గానీ అందులోనూ మన ఎండలకు తగినది ఎంచుకోవాలి. 57 డిగ్రీలకు మోగే రకం మే నెల మధ్యాహ్నం రేకుల కింద మంట లేకుండానే మోగింది. ఆ తర్వాత వేడి గదుల కోసం చేసే, 69 నుంచి 85 డిగ్రీల మధ్య మోగే బి తరగతి రకం తెప్పించాను. అది పెట్టాక తప్పుడు మోత వినలేదు. దాని గంట ఇంట్లోని మరో పరికరంలోనూ మోగేలా వైర్‌లెస్‌తో కలిపాను. పెరట్లో మోగే గంట రాత్రివేళ ఏసీ గదిలో పడుకున్నవారికి వినిపించదు. వార్నిష్ అల్మరా పైన వేలాడదీసిన ఆటోమేటిక్ పొడి సిలిండరుకు కూడా ఇదే చిక్కు. దాని ఎర్ర గాజు బల్బు 68 డిగ్రీలకు పగులుతుంది, అదే రకంలో 79 డిగ్రీలకు పగిలే పసుపు బల్బుది కూడా దొరుకుతుంది. అనవసరంగా పగిలి యంత్రాలన్నింటి మీద పొడి కురిపిస్తుందేమోనన్న అనుమానంతో పసుపుదే ఉంచాను.

చేతి సిలిండర్లలో 6 కిలోల ఏబీసీని తలుపు బయట, కార్బన్ డయాక్సైడ్ సిలిండరును లోపల, ఎండ తగలని గోడకు పెట్టాను. మోటారు, ప్యానెల్ మంటలకు రెండోదే వాడాలి. అది అవశేషం మిగల్చదు. ఏబీసీ మీటరు ముల్లు పచ్చరంగులో ఉంటే చాలనుకోకూడదు, అది ఒత్తిడిని మాత్రమే చూపుతుంది. ఉక్కపోతకు లోపలి పొడి గడ్డకట్టకుండా దాన్ని అప్పుడప్పుడూ తలకిందులు చేసి రబ్బరు సుత్తితో తట్టాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు మీటరే ఉండదు, తూకం వేసి చూసుకోవాలి. పొట్టు కుప్పలో రాజుకున్న నిప్పును మాత్రం ఈ రెండూ పూర్తిగా చంపవు, పై మంట ఆరినా లోపలి నిప్పు మళ్లీ లేస్తుంది. కరెంటు ఆపేసి నీళ్లతో తడపడమే దానికి మందు కనుక కుళాయికి బిగించిన పొడవాటి పైపు తలుపు పక్కనే చుట్టి ఉంటుంది.

ఖర్చు లేకుండా దొరికిన మంచి వస్తువు ఒకటుంది: మూత గట్టిగా పట్టే పాత నూనె డబ్బా. అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే, నూనె గాలితో కలిసి గట్టిపడే క్రమంలో పుట్టిన వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. వాటిని దండెం మీద విడివిడిగా ఆరబెట్టడమో, నీళ్లు పోసిన ఆ డబ్బాలో వేసి మూయడమో చేస్తాను. థిన్నరు, స్పిరిట్, లక్క పాలిష్ అన్నీ షెడ్డుకు బయట ఇనుప అల్మరాలోకి మారాయి, ఏ రోజు పనికి కావలసినంత ఆ రోజే చిన్న సీసాలో లోపలికి వస్తుంది. ఇక పొట్టు లాగే యంత్రానికి ప్లాస్టిక్ డ్రమ్ము బదులు ఇనుప డ్రమ్ము పెట్టాను గానీ, దాని బరువుకు రోజూ ఖాళీ చేయడం నడుముకు పరీక్షగా మారింది. చక్రాల పీట ఒకటి చేసుకోవాలి. ఆ టేకు దిమ్మల్లో ఇంకొకటి మిగిలి ఉంది.