జీటీఎక్స్ 1060 ఆరేళ్లు, ఆర్‌టీఎక్స్ 4060 రెండేళ్లు వాడినంక నాకు తెలిసింది

2017 దసరా టైంల సికింద్రాబాద్‌ల కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోయి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 6 జీబీ కొన్న. అప్పుడు క్రిప్టో మైనింగ్ జోరు మీద ఉండె, కార్డు దొరుకుడే కష్టం, దొరికినా రేటు రోజుకొకటి, పార్క్‌లేన్ మొత్తం తిరిగితే సాయంత్రానికి ఒక పీస్ దొరికింది. అది 2024 జనవరి దాకా నా దగ్గరనే పనిచేసింది, తర్వాత 4060 వేసిన. రెండిటి మీద పని ఒక్కటే: పెళ్లి వీడియోల ఎడిటింగ్, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ల ఇంటీరియర్ రెండర్లు (ఇల్లు కట్టకముందే లోపల ఎట్లుంటదో చూపించే బొమ్మలు), రాత్రిపూట కొంచెం గేమ్స్. కొత్తది వేసేటప్పుడు మదర్‌బోర్డు మార్చలే, అదే బీ450, అదే 450 వాట్ల పవర్ సప్లై. ఈ బోర్డు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లా దాని దగ్గరికే వస్త.

అందరూ ముందు క్యూడా కోర్లు, అంటే కార్డుల లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు ఎన్నున్నయో చూస్తరు, నేను కూడా అదే చూసిన. 1060ల 1280, 4060ల 3072. గాని ఈ నంబర్ ఒక్కటే పట్టుకుని జనరేషన్లు దాటి పోల్చొద్దు. 2060ల 1920 ఉంటే 3060ల 3584 అని రాసి ఉంటది, దాదాపు డబుల్, గేముల్ల మాత్రం స్పీడ్ డబుల్ దగ్గరికి కూడా రాదు, ఎందుకంటే 30 సిరీస్‌ల లెక్కపెట్టిన కోర్లల్ల సగం వేరే రకం లెక్కలు కూడా చూసుకోవాలె. అంతెందుకు, 3060 కంటే 4060ల కోర్లు తక్కువ, అయినా మామూలు గేముల్ల 4060నే ముందుంటది, దాని బూస్ట్ క్లాక్, అంటే కోర్లు ఉరికే స్పీడ్, 2460 మెగాహెర్ట్జ్, 3060ది 1777. అసలు ఒక్క జనరేషన్‌ల కూడా పేరు నమ్మలేం. 1060 పేరు మీదనే 3 జీబీ కార్డు కూడా వచ్చింది, అందుల మెమరీ ఒక్కటే తక్కువ కాదు, కోర్లు కూడా 1152నే. మా దోస్తు ఒకడు సెకండ్ హ్యాండ్‌ల అది తీస్కున్నడు, అమ్మినాయన "మెమరీ తప్ప అంతా సేమ్" అన్నడట, ఆ మాట నమ్మి పైసలిచ్చిండు, ఇప్పటికీ నాకు బాధనే.

తర్వాత బస్ విడ్త్, అంటే కార్డు చిప్‌కి, దాని మెమరీకి మధ్యల దారి వెడల్పు. 1060ది 192 బిట్, 4060ది 128 బిట్. ఇది చూసి చాలామంది కొత్త కార్డు తగ్గించి ఇచ్చిండ్రు అంటరు, అది సగం నిజం. లెక్క చిన్నదే, బస్ విడ్త్‌ని మెమరీ స్పీడ్‌తోని గుణించి 8తో భాగించాలె. పాత దాని జీడీడీఆర్5 మెమరీ స్పీడ్ 8 గిగాబిట్లు, అంటే మొత్తం సెకనుకి 192 జీబీ. కొత్త దాని జీడీడీఆర్6 17, అంటే 272 జీబీ. దానికి తోడు చిప్ లోపలుండే చిన్న మెమరీ, ఎల్2 క్యాష్, ఒకటిన్నర ఎంబీ నుంచి 24 ఎంబీకి పెరిగింది, చాలా డేటా చిప్‌లనే దొరుకుతది కాబట్టి మెమరీ దాకా మాటిమాటికి పోయే పని తప్పుతది. 1080పీల నాకు ఈ 128 బిట్ ఎన్నడూ అడ్డం రాలే.

అడ్డం వచ్చింది వేరేది. కార్డుని బోర్డుకి కలిపే దారిని పీసీఐఈ అంటరు, అందుల ఒక్కో వరుస ఒక లేన్. 4060 పీసీఐఈ 4.0 కార్డే గాని లేన్లు 8 మాత్రమే ఉంటయి, నా బీ450 బోర్డుల ఉన్నది పీసీఐఈ 3.0. అంటే కార్డుకి, సిస్టమ్‌కి మధ్యల దారి సెకనుకి సుమారు 8 జీబీ అంతే, అదే బోర్డుల 1060కి 16 లేన్లు వస్తుండె, దాంట్ల దగ్గర దగ్గర 16 జీబీ. మామూలు పనుల్ల దీని తేడా తెల్వదు. 4060 సొంత మెమరీ 8 జీబీ, సీన్ అందుల పట్టినంతసేపు అది దౌడు తీస్తది, ఒక్కసారి 8 దాటి సిస్టమ్ ర్యామ్‌ల పడ్డదా, 272 జీబీ రోడ్డు మీద పోయే బండి 8 జీబీ సందుల ఇరుక్కున్నట్టే. పోయిన ఏడాది కొంపల్లి విల్లా ఒకటి చేస్తున్నప్పుడు సోఫాలు, కర్టెన్లు, మొక్కలు అన్నీ 4కే టెక్స్చర్లతోని (వస్తువుల మీద అతికించే ఫోటోలు) పెట్టిన, రెండర్ ఎంతసేపైనా కదుల్తలేదు, టెక్స్చర్లు 2కేకి దించితే ఒక్కొక్కటి పది నిమిషాల్ల వచ్చింది. అప్పుడు అర్థమైంది 3060 12 జీబీని ఎందుకు వదిలిపెట్టొద్దు అంటరో. 192 బిట్, 360 జీబీ బ్యాండ్‌విడ్త్, 16 లేన్లు. 170 వాట్లు తాగుతది, నిజమే, గాని బ్లెండర్ ఒక్కటే పనైతే పాత బోర్డు ఉన్నోళ్లకి నేను ఇయ్యాల్టికీ అదే చెప్త.

వెలుగు ఎట్ల పడ్తదో లెక్కగట్టే రే ట్రేసింగ్ కోర్ల వల్ల వచ్చిన లాభం మాత్రం చిన్నది కాదు. 1060ల అవి లేనే లేవు, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయ్యే రెండర్ ఇప్పుడు అన్నం తిని ఒక సీరియల్ చూసేలోపు అయితుంది. గేముల్ల చిన్న బొమ్మని ఏఐతోని పెద్దగ చేసి స్పీడ్ పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ కూడా కొత్త దాంట్లనే. ఎడిటింగ్‌ల ఒక మాట, ఇది ఎవ్వరూ ముందు చెప్పరు: ఇప్పటి కెమెరాలల్ల 4:2:2 10 బిట్ హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువుండే వీడియో తీస్తున్నరు కదా, దాన్ని 1060 డీకోడ్ చెయ్యదు, 4060 కూడా చెయ్యదు, ఎన్‌విడియాల అది 50 సిరీస్‌తోనే వచ్చింది. నేను కొత్త కార్డు వేసినా టైమ్‌లైన్ ఆగి ఆగి నడిస్తే రెండు రోజులు డ్రైవర్ల మీద కొట్టుకున్న, చివరికి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు) చేస్కుంటనే పని నడిపిస్తున్న.

కరెంటు, వేడి సంగతి. పేపర్ మీద 120 వాట్లు, 115 వాట్లు, తేడా ఏం లేనట్టే కనిపిస్తది. గాని మే నెలల మా కూకట్‌పల్లి పై ఫ్లోర్ రూంల ఏసీ లేకుండ 1060 మీద రెండర్ పెడితే 83 డిగ్రీలు ముట్టి క్లాక్ దించుకుంటుండె, ఫ్యాన్ చప్పుడు పక్క రూం దాకా. 4060 అదే రూంల, అదే మే నెలల 70 చిల్లర దాటలే. చిప్ తయారీ 16 నానోమీటర్ నుంచి ఇంకా సన్నటి 4ఎన్ ప్రాసెస్‌కి వచ్చినంక అదే కరెంటుతోని మూడింతల పైన పని జరుగుతుంది. కూలర్ కూడా వేరే, ఆ తేడా కొంత దానిది.

పాత 1060ని పడెయ్యలే. మా అక్క కొడుక్కి ఇచ్చిన, వాడు డిప్లొమా చదువుతుండు. 2025 అక్టోబర్ నుంచి పాస్కల్ కార్డులకి (1060 ఆ తరందే) కొత్త గేముల కోసం వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లు ఆగిపోయినయి, సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా వస్తయని ఎన్‌విడియా చెప్పింది, వాడి కోర్సు అయ్యేదాక సరిపోతది. పోయిన నెల విప్పి దుమ్ము దులిపి చిప్ మీద కొత్త థర్మల్ పేస్ట్ వేసిన, లోడ్ మీద 83 నుంచి 74కి దిగింది.