సాల్ట్‌హిల్ నుంచి క్రోక్ పార్క్ దాకా: 2024 ఆల్ ఐర్లాండ్ ఫుట్‌బాల్ సీజన్‌లో ప్రయాణాలు, బసలు

ఐర్లాండ్ చూడడానికి వచ్చే మనవాళ్ళు డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో గైడు వెంట ఒక చుట్టు చుట్టి, ఫొటోలు దిగి, గేలిక్ ఫుట్‌బాల్ సంగతి తెలిసిపోయిందనుకొని వెళ్ళిపోవడం మామూలు. ఆ ఆట ఇక్కడి జనానికి ఏమవుతుందో తెలియాలంటే మాత్రం మే నెలలో చిన్న ఊళ్ళ మైదానాలకు వెళ్ళాలని, జూలై ఫైనల్ ఆ తరువాతి మాటేనని నా అభిప్రాయం. డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ 2024 సీజన్‌లో వారాంతాల్లో, వీలైనప్పుడు కుటుంబంతోను కానప్పుడు ఒంటరిగాను తిరిగిన చోట్ల ఏది బాగుందో, ఏది ఇబ్బంది పెట్టిందో రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. జట్టుకు పదిహేను మంది, ఆట 70 నిమిషాలు. బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు గాని నాలుగు అడుగులకు ఒకసారి నేలకు కొట్టి అందుకోవాలి, లేదా పాదంతో పైకి తన్ని చేతిలోకి తెచ్చుకోవాలి. గోలు స్తంభాలు అడ్డకర్ర మీదుగా పైకి సాగి ఉంటాయి. కర్ర కింద నుంచి వలలోకి వెళితే గోల్, అంటే మూడు పాయింట్లు. కర్ర పైనుంచి వెళితే ఒక పాయింటు. స్తంభాల పక్కన తెల్లకోటు వేసుకొని నిలబడే అంపైర్లు గోలుకు ఆకుపచ్చ జెండా, పాయింటుకు తెల్లజెండా ఊపుతారు. స్కోరులో గోల్స్, పాయింట్లు విడివిడిగా రాస్తారు కాబట్టి 1-11 అంటే మొత్తం 14 అన్నమాట. ఆటగాళ్ళెవరికీ జీతం లేదు. సోమవారం బడిలో పాఠం చెప్పే మాస్టారే ఆదివారం వేలమంది ముందు తన కౌంటీ (మన జిల్లా లాంటిది) చొక్కా వేసుకొని దిగుతాడు.

మే 5న గాల్వే, మేయో కౌంటీల జట్ల మధ్య పశ్చిమాన ఉన్న కానాక్ట్ ప్రావిన్స్ ఫైనల్ సాల్ట్‌హిల్‌లోని పియర్స్ స్టేడియంలో జరిగింది. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకు రైలులో సుమారు రెండున్నర గంటలు. అక్కడి నుంచి 401 నంబరు బస్సు ఉంది గాని, మ్యాచ్ రోజున రోడ్డంతా జనమే కాబట్టి నడిచి వెళ్ళడమే నయం. మరుసటి సోమవారం సెలవు కావడంతో ఊళ్ళో గదుల ధరలు బ్రహ్మోత్సవాల వేళ తిరుపతిలో లాగా పెరిగిపోయాయి. నగరం నడిబొడ్డున హోటళ్ళ కోసం వెతకకుండా సాల్ట్‌హిల్‌లోనే ఒక ఇంటివారు నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో దిగాము. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. మేము మాంసం తినమని ముందుగా చెప్పినందుకు ఇంటావిడ పుట్టగొడుగులు, టమాటా, గుడ్డు వేయించి పెట్టి, మేము ఏ కౌంటీ వైపో అడిగి తేల్చుకున్న తరువాతే టీ పోసింది. పిల్లలు విసిగిపోకుండా సముద్రతీరం వెంట పొడవైన నడకబాట ఉంది. దాని చివర గోడను కాలితో తన్ని వెనక్కి తిరగడం అక్కడివారి ఆనవాయితీ. మైదానంలోకి అట్లాంటిక్ గాలి ఎంత బలంగా వీస్తుందంటే, ఆటగాళ్ళు బంతిని స్తంభాలకు పక్కగా తన్ని గాలే దాన్ని లోపలికి తేవాలని చూస్తారు. చివరి క్షణాల్లో గాల్వే గోల్‌కీపర్ కానర్ గ్లీసన్ తన గోలు వదిలి అంత దూరం వచ్చి, ఫ్రీ కిక్‌ను కర్ర మీదుగా పంపడంతో గాల్వే 0-16, 0-15 తేడాతో గెలిచింది. 1951 తరువాత ఆల్ ఐర్లాండ్ కప్పు ఎరుగని మేయో అభిమానులు మా పక్క వరుసలోనే ఉన్నారు. ఇక్కడ రెండు జట్లవారిని వేరువేరుగా కూర్చోబెట్టే పద్ధతి లేదు. ఓడినవారు గెలిచినవారి చేయి కలిపి వెళ్ళడం నేను చూశాను. కుటుంబంతో వెళ్ళేవారికి ఈ సీజన్ మొత్తంలో సాల్ట్‌హిల్‌కే నా ఓటు.

వారం తిరగగానే, మే 12న, ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రావిన్స్ ఫైనల్ కోసం క్లోనిస్ వెళ్ళాను. మోనహన్ కౌంటీలో ఉత్తర ఐర్లాండ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఈ చిన్న పట్టణానికి రైలు లేదు, హోటల్ గదులు నామమాత్రం. అయినా దశాబ్దాలుగా అల్‌స్టర్ ఫైనల్ పేరు చెబితే ఐరిష్‌వారికి గుర్తుకొచ్చే ఊరు ఇదే. మోనహన్ పట్టణంలో బస చేసి, ఉదయాన్నే బయలుదేరి, ఊరి బయట పచ్చికబయళ్ళలో కారు ఆపుకొని, వీధుల వెంట ఎక్కుతూ కొండ మీది సెయింట్ టియర్నాక్స్ పార్క్ చేరుకోవాలి. దారి పొడవునా ఇళ్ళ ముందు బల్లలు వేసి శాండ్‌విచ్‌లు, టీ అమ్మేవారు. పబ్బుల ముందు నారింజ రంగు అర్మా చొక్కాలు, పసుపు, ఆకుపచ్చ డోనెగాల్ చొక్కాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. సౌకర్యం అడిగితే క్లోనిస్‌కు మార్కులు పడవు: మెట్ల గట్టు మీద నిలబడాలి, వాన వస్తే తడవాలి, మరుగుదొడ్డికి బారులు తీరాలి, తిరిగి వచ్చేటప్పుడు కారు ఆ పొలంలోంచి బయటపడడానికి ఓపిక కావాలి. అయినా అదనపు సమయం తరువాత కూడా 0-20 చొప్పున సమానంగా నిలిచి, పెనాల్టీలలో డోనెగాల్ 6-5తో గెలిచినప్పుడు ఆ గట్టు మీద నిలబడి ఉండడం కంటే మంచి చోటు ఆ సీజన్‌లో మరొకటి లేదు. అర్మాకు 2022 నుంచి ఇది పెనాల్టీలలో నాలుగో ఓటమి. పక్కన నిలబడ్డ పెద్దాయన ఏమీ అనకుండా టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

క్లోనిస్ దారి గురించి మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. డబ్లిన్ నుంచి మోనహన్ మీదుగా వెళితే మొత్తం దారి ఐర్లాండ్ రిపబ్లిక్‌లోనే ఉంటుంది. కావన్ వైపు నుంచి వచ్చే రోడ్డు మాత్రం మధ్యలో పలుమార్లు బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన ఫెర్మానా కౌంటీలోకి వెళ్ళి వస్తుంది. అక్కడ గేటు లేదు, పోలీసు లేడు, మైళ్ళ లెక్కలో ఉండే వేగ పరిమితి బోర్డులు తప్ప వేరే గుర్తు కనిపించదు. అయితే ఐర్లాండ్‌లో నివాస అనుమతి ఉన్నంత మాత్రాన భారత పాస్‌పోర్టుతో ఉత్తర ఐర్లాండ్‌లోకి వెళ్ళవచ్చని చట్టం చెప్పదు. దానికి బ్రిటన్ వీసా విడిగా ఉండాలి. ఫోనులోని మ్యాప్ ఈ సంగతి పట్టించుకోదు కాబట్టి దారి మనమే ఎంచుకోవాలి. ఉత్తర ఐర్లాండ్‌లోనే ఉన్న అర్మా నగరంలో సెయింట్ పాట్రిక్ పేరుతోనే ఎదురెదురు కొండల మీద ఉన్న రెండు పెద్ద చర్చీలు చూడాలన్న కోరికను నేను ఈ కారణంగానే వాయిదా వేసుకున్నాను.

ప్రావిన్సుల ఫైనళ్ళు అయ్యాక మే మూడో వారం నుంచి జూన్ దాకా గ్రూపు దశ. పదహారు జట్లు ఆడితే ఇంటికి వెళ్ళేవి నాలుగే కావడం వల్ల చాలా మ్యాచ్‌లు నీరసంగా సాగాయి, ఖాళీ సీట్లూ కనిపించాయి. ఇందులో చూడదగ్గది స్లైగోలోని మార్కీవిచ్ పార్క్‌లో జరిగిన గాల్వే, అర్మా మ్యాచ్. డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి రైలులో సుమారు మూడు గంటలు పట్టింది, గదులు చవక, మైదానం స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే ఉంది. మ్యాచ్ సమానంగా ముగిసి అర్మా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళగా, గాల్వే అదనంగా ఒక మ్యాచ్ ఆడవలసి వచ్చింది. ఆ రెండు జట్లే ఫైనల్లో తలపడతాయని ఆ రోజు ఎవరూ పందెం కాయలేదు.

క్రోక్ పార్క్ సంగతి పూర్తిగా వేరు. 82,300 మంది పట్టే ఈ మైదానంలో దారి చూపే సిబ్బంది, లిఫ్టులు, శుభ్రమైన మరుగుదొడ్లు, తినుబండారాల దుకాణాలు అన్నీ ఉన్నాయి. మాంసం లేనివి వెతికితే మాత్రం చివరకు బంగాళాదుంప చిప్సే దొరుకుతాయి. 1920 నవంబర్ 21న బ్రిటిష్ బలగాలు ఇక్కడ మ్యాచ్ మధ్యలో కాల్పులు జరిపి 14 మందిని బలిగొన్నాయి. మృతుల్లో ఒకరైన టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ పేరే ఒక స్టాండుకు పెట్టారు. మ్యూజియానికి మ్యాచ్ లేని రోజున వెళ్ళడం మంచిది, తీరికగా చూడవచ్చు. ఆల్ ఐర్లాండ్ విజేతలకు 1928లో మొదటిసారి అందజేసిన అసలు శాం మగ్వైర్ కప్పు అక్కడ ఉంది, ఇప్పుడు గెలిచినవారు ఎత్తుకునేది దాని ప్రతిరూపం.

బస విషయంలో డబ్లిన్ బయటి నుంచి వచ్చేవారికి నా సలహా మేనూత్. అక్కడి నుంచి రైలు నేరుగా డ్రమ్‌కాండ్రా స్టేషన్‌లో ఆగుతుంది, మైదానం పది నిమిషాల నడక. ఫైనల్ వారాంతానికి మా బంధువుల కోసం నగరంలో బుక్ చేసిన గదిని ఒక హోటలు వారు ఏవో మరమ్మతులని చెప్పి రద్దు చేసి, మరునాడే అదే గదిని ఎక్కువ ధరకు పెట్టారు. డబ్బు తిరిగి వచ్చింది గాని, చివరికి వారు మేనూత్‌లోనే దిగి హాయిగా రాకపోకలు సాగించారు.

టికెట్ల విషయానికొస్తే, సెమీ ఫైనల్ వరకు ఎవరైనా ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. ఫైనల్ టికెట్లు అంగట్లోకి రావు, కౌంటీలు, క్లబ్బుల ద్వారా పంచుతారు. పిల్లలు ఆడే క్లబ్బులో చీటీ తగలడం వల్ల నాకు ఒక టికెట్ దొరికింది. ఆ దారి లేనివారు బెంగపడనవసరం లేదు: జూలై 13న అర్మా అదనపు సమయంలో కెర్రీని 1-18, 1-16తో ఓడించిన సెమీ ఫైనల్ ఆటగా ఫైనల్ కంటే మెరుగు.

జూలై 28న ఫైనల్‌కు ముందు ఆర్టేన్ బ్యాండు వెంట రెండు జట్లూ మైదానం చుట్టూ నడిచినప్పుడు నా చుట్టుపక్కల సగానికి పైగా నారింజ రంగే. ఆట బిగుసుకొని, జాగ్రత్తగా, ఒక్కో పాయింటుగా సాగింది. ఆరన్ మెకే కొట్టిన ఏకైక గోలే తేడా అయి అర్మా 1-11, 0-13తో గాల్వేపై గెలిచింది. 2002లో అర్మా మొదటిసారి గెలిచినప్పుడు కెప్టెన్‌గా ఉన్న కీరన్ మెక్‌గీనీ ఈసారి మేనేజరు. కెప్టెన్ ఏడన్ ఫోర్కర్ హోగన్ స్టాండులో కప్పు ఎత్తాడు.

ఇకపై వెళ్ళేవారు రెండు మార్పులు గమనించాలి. 2025 నుంచి గోలుకు 40 మీటర్ల దూరంలో గీసిన వంపు గీతకు అవతలి నుంచి తన్ని కర్ర దాటిస్తే రెండు పాయింట్లు ఇస్తున్నారు కాబట్టి పై లెక్కకు దాన్నీ కలుపుకోవాలి. 2026 నుంచి గ్రూపుల దశను తీసివేయాలని కూడా నిర్ణయించారు. సెలవులు పరిమితంగా ఉన్నవారు మే నెల వారాంతాలకే వాటిని కేటాయించుకొని, గాల్వే గదిని మార్చిలోనే బుక్ చేసుకుంటే సరిపోతుంది.