మోకాలి గుజ్జుకు పీఆర్పీ ఇంజెక్షన్లు: అమ్మ చికిత్స తరువాత నా అభిప్రాయం

అమ్మ ఎడమ మోకాలిలో గుజ్జు అరిగిందనీ, అరుగుదల రెండో దశలో ఉందనీ ఎక్స్‌రే చూసి చెప్పిన తరువాత, విజయవాడలోని ఒక ఎముకల ఆసుపత్రిలో నెలకొకటి చొప్పున మూడు పీఆర్పీ (సొంత రక్తంలో ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగం) ఇంజెక్షన్లు వేయించాము. చివరిది వేయించి ఎనిమిది నెలలైంది.

వేసే పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు. అమ్మ చేతి నుంచి రక్తం తీసి, మా కళ్ళెదుటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి, అల్ట్రాసౌండ్ తెర మీద సూదిని చూసుకుంటూ కీలులోకి ఎక్కించారు. రెండు రోజులు వాపు, సలుపు ఉంటాయని ముందే చెప్పారు. అలాగే వచ్చి తగ్గాయి.

నా అభ్యంతరమంతా వాళ్ళిచ్చిన కరపత్రం మీదే. ప్లేట్‌లెట్లలోని గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే గాయాన్ని మాన్పించే ప్రోటీన్లు, నెలల తరబడి విడుదలవుతూ అరిగిన గుజ్జును తిరిగి పెంచుతాయని అందులో రాశారు. మనం గుజ్జు అనే మృదులాస్థికి రక్తనాళాలు లేవు కనుక అది చర్మంలాగా తనంతట తాను మానదు. ఆ ప్రోటీన్లను బయటి నుంచి అందిద్దామన్న ఆలోచన అక్కడే పుట్టింది, ఆలోచన మంచిదే. చిక్కల్లా అవి కీలులో నిలవకపోవడం. కీలులోని జిగురు ద్రవం ఎప్పటికప్పుడు మారుతూ ఉండటం వల్ల, దట్టమైన మృదులాస్థిలోకి ఇంకేలోపే చాలా భాగం కొద్ది గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో బయటికి పోతుంది.

వాటిని నిలిపి ఉంచే ప్రయత్నాలు లేకపోలేదు. మృదులాస్థికి రుణావేశం ఉంటుంది కాబట్టి, ధనావేశమున్న అతి సూక్ష్మ వాహకాలకు ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను తగిలిస్తే అది అక్కడే అతుక్కుంటుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. ఎలుకల మోకాళ్ళలో మందు 30 రోజుల దాకా ఉంది. నాకు ఎంతో ఆశ కలిగించిన పని ఇది, కానీ అమ్మకు ఎక్కించినది ఇది కాదు. మనుషుల మీద చూస్తే, 549 మందితో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, స్ప్రిఫెర్మిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను ఆరు నెలలకొకసారి వరుసగా మూడు వారాలు ఎక్కువ మోతాదులో ఇస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోల్చినప్పుడు రెండేళ్ళకు గుజ్జు మందంలో వచ్చిన తేడా 0.05 మిల్లీమీటర్లు, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక పీఆర్పీ విషయానికొస్తే, ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది తరువాత నొప్పిలో గానీ గుజ్జు పరిమాణంలో గానీ అది ఉత్తుత్తి మందుగా ఇచ్చిన ఉప్పునీటి ఇంజెక్షన్‌ను మించలేదు.

అమ్మకు నొప్పి తగ్గిన మాట నిజం. మేడమెట్లు ఆగకుండా ఎక్కుతోంది, అయితే కింద కూర్చుని లేవడం ఇప్పటికీ కష్టమే. మొదటి ఇంజెక్షన్ వేసిన వారమే అక్కడి ఫిజియోథెరపిస్ట్ తొడ కండరాల వ్యాయామాలు మొదలుపెట్టించారు, అమ్మ ఒక్క రోజూ మానలేదు. అందువల్ల మేలు దేనిదో విడదీసి చెప్పలేను. ముందూ వెనకా ఎంఆర్ఐ తీయలేదు కనుక గుజ్జు పెరిగిందని ఆసుపత్రి వారూ చెప్పలేరు.

ఈ మాటలన్నీ డాక్టరు గారితో అంటే ఆయన ఓపికగా విని, నొప్పి తగ్గడం వరకే తాను ఆశించానని ఒప్పుకున్నారు. ఆ మాటే డబ్బు కట్టకముందు కరపత్రంలో కనిపించి ఉంటే, మేము ముందు మూడు నెలలు వ్యాయామం చేయించి చూసేవాళ్ళం. కుడి మోకాలికీ వేయిద్దామంటున్నారు. ప్రస్తుతానికి వద్దన్నాము, ఫిజియోథెరపీకి మాత్రం వారానికొకసారి అక్కడికే తీసుకెళ్తున్నాను.