కాథార్ కోటల మౌంటెన్ బైక్ ప్యాకేజీ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్ నుంచి కోర్బియేర్ కొండల మీదుగా కాథార్ కోటలను (కాథార్లు అంటే మధ్యయుగాల్లో క్యాథలిక్ చర్చి మతద్రోహులుగా ముద్రవేసిన ఒక క్రైస్తవ వర్గం) మౌంటెన్ బైకుపై చూపిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఆరు రోజుల ప్యాకేజీని, హైదరాబాద్ నుంచి వచ్చిన నా మిత్రుడితో కలిసి గత సెప్టెంబరు చివరి వారానికి కొన్నాను. ఇద్దరికీ కలిపి 2,760 యూరోలు ముందుగానే చెల్లించాము. ఆ దారిని మాకు అమ్మినవారు దానిపై ఒక్కసారి కూడా సైకిలు తొక్కలేదని మూడో రోజుకల్లా మాకు రూఢి అయింది. తులూజ్‌లోనో పారిస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊరి నుంచి వచ్చిన బంధుమిత్రులకు ఏదైనా కొత్తది చూపించాలని ఇలాంటి ప్రకటనలు వెతికే తెలుగువారు డబ్బు కట్టే ముందు చదువుకుంటారని ఇది రాస్తున్నాను. డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకు దగ్గర పెట్టిన వివాదం ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పైగా అవే ఫొటోలతో, అవే వాక్యాలతో ఉన్న ప్రకటన వేరే పేరు మీద కూడా నాకు కనిపించింది, అందువల్ల ఒక్క పేరు చెప్పినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ముందూ వెనుకా సస్పెన్షన్ ఉన్న ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకులు, 625 వాట్-అవర్ బ్యాటరీ, కోటల సందర్శన, రాత్రి భోజనంతో బస, ఊరి నుంచి ఊరికి సామాను చేరవేత, దారి చూపే జీపీఎస్ ఫైలు ఇస్తామని ప్రకటనలో ఉంది. కార్కసోన్‌లో ఒక గ్యారేజీ ముందు మాకు అప్పగించినవి మాత్రం ముందు ఫోర్కుకు తప్ప వెనుక సస్పెన్షన్ లేని, చదునైన దారుల్లో తొక్కే ట్రెక్కింగ్ సైకిళ్లు. బ్యాటరీ మీద 400 అని అచ్చయి ఉంది. అప్పగించిన కుర్రవాడు, పాపం, తాను సైకిళ్లు అద్దెకిచ్చేవాడినే తప్ప ప్యాకేజీ సంగతి తనకు తెలియదంటూ ఫోను తీసి ఆర్డరు చూపించాడు. అందులో "రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు" అని తప్ప మరేమీ లేదు. నా సైకిలు వెనుక బ్రేకు నొక్కితే కీచుమంది. వంగి చూస్తే ప్యాడు ఒక అంచున పూర్తిగా అరిగిపోయి, దాని వెనకాలి ఇనుప రేకు నేరుగా డిస్కును గీస్తోంది. డిస్కు మీద వేలు పెట్టి రాస్తే గోటికి తగిలేంత లోతుగా గీతలు పడి ఉన్నాయి. ప్యాడ్లు మార్పించుకోవడానికి గంటన్నర పట్టింది. చేతిలో ఫోను ఉండి కూడా ఆ గంటన్నరలో నేను చేయవలసిన పని చేయలేదు. సైకిళ్ల ఫొటోలు తీసి, ఇవి ఒప్పందంలో రాసినవి కావని అప్పటికప్పుడు కంపెనీకి ఈమెయిలు పంపి ఉండవలసింది. "సర్లేరా, ఇంత దూరం వచ్చాం, పోదాం పద" అన్న మిత్రుడి మాట విని, ఒక్కో సైకిలుకు 1,500 యూరోల డిపాజిట్‌ను నా కార్డుపై నిలిపి ఉంచే కాగితం మీద సంతకం చేశాను.

మొదటి రోజు లగ్రాస్ వరకు ద్రాక్షతోటల మధ్య మట్టిబాటలు, కార్లు అరుదుగా కనిపించే పల్లె రోడ్లు. ఒర్బియూ నది ఒడ్డున ఉన్న పాత మఠమూ, దాని ఎదుటి రాతి వంతెనా చూసినప్పుడు సైకిళ్ల సంగతి దాదాపు మరిచిపోయాము. రెండో రోజు నుంచి జీపీఎస్ గీత మమ్మల్ని మాటిమాటికీ రోడ్డు దింపి, రాళ్ల మీద తెలుపు, ఎరుపు పట్టీలు పూసి ఉన్న సన్నని కాలిబాటల్లోకి పంపడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో దారి గుర్తులు తెలియనివారు ఈ ఒక్క విషయాన్నీ తప్పక గుర్తుపెట్టుకోవాలి. తెలుపు, ఎరుపు పట్టీలు జీఆర్ అనే దూరప్రయాణ నడక దారులకు సంబంధించినవి. మౌంటెన్ బైకు దారులకు ఒక త్రిభుజమూ, దాని పక్కన రెండు వృత్తాలూ గుర్తుగా ఉంటాయి, వాటి కష్టాన్ని ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులతో చూపిస్తారు. మేము వెళ్తున్నది మధ్యధరా తీరంలోని పోర్-లా-నువెల్ నుంచి ఫ్వా పట్టణం దాకా సుమారు 250 కిలోమీటర్లు సాగే కాథార్ బాట, అంటే జీఆర్ 367. నడిచేవారికి అది ఎంతో పేరున్న దారి. కంపెనీ చేసిందల్లా ఆ నడక దారి ఫైలును ఎక్కడి నుంచో దించుకుని, ఆరు ముక్కలు చేసి, తన పేరు తగిలించి మాకు అమ్మడమే. రాత్రి బసలో ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే, వివరణ గడిలో మొదట రాసినవారి ఫ్రెంచి వాక్యం చెరపకుండా అలాగే ఉంది: కాలినడకన, ఆరు గంటలు.

మూడో రోజు డ్యుయాక్ ఊరు దాటాక ఆ ఫైలు ఫలితం పూర్తిగా అనుభవించాము. సున్నపురాయి గుట్టపైన ముళ్ల ఓక్ పొదల మధ్య మనిషి ఒక్కడే పట్టేంత బాట, అందులో మోకాలెత్తు రాతి మెట్లు. పాతిక కిలోల సైకిలును ఒకరు హ్యాండిల్ దగ్గర, మరొకరు వెనుక చక్రం దగ్గర పట్టుకుని, ఒకదాన్ని పైకి చేర్చి మళ్లీ కిందికి వచ్చి రెండోదాన్ని మోసుకెళ్లాము. రెండు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. ఎదురైన వృద్ధ దంపతులు పక్కకు ఒదిగి దారి ఇచ్చి, మమ్మల్ని తిట్టకుండా జాలిగా చూసి వెళ్లారు. నాలుగో రోజు ఆ ఫైలును పక్కన పడేసి, ఊళ్లో దొరికిన ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) 1:25,000 మ్యాపు చూసుకుంటూ అటవీ దారుల్లో, చిన్న రోడ్లలో వెళ్లాము. మొత్తం యాత్రలో సైకిలు తొక్కిన ఆనందం మిగిలింది ఆ ఒక్క రోజునే. కాబట్టి ఆ కొండలను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

కోటల విషయంలో జరిగిన మోసం మరింత తెలివైనది. ఇంగ్లిషు ప్రకటనలో "కోటల సందర్శన" అని ఉన్నచోట, ఫ్రెంచి ఒప్పందంలో "విజిట్ లీబ్ర్" అని రాశారు. గైడు లేకుండా ఎవరికి వారు చూసుకోవడం అని దాని అర్థం, టికెట్టు ఎవరు కొనాలో అందులో ఉండదు. పేర్‌పెర్త్యూజ్ కోట దగ్గర మా పేర్లతో ఏమీ లేదని కౌంటరులో చెప్పడంతో సొంత డబ్బుతో టికెట్లు కొన్నాము. కెరిబ్యుస్‌కు వెళ్లిన రోజు నా బ్యాటరీ కుకున్యాన్ ఊరి పైనున్న కనుమ దగ్గరే అయిపోయింది. అక్కడి నుంచి నెట్టుకుంటూ పైకి చేరేసరికి టికెట్ కౌంటరు మూసేశారు. 728 మీటర్ల ఎత్తున రాతి శిఖరం మీద మొలిచినట్టున్న ఆ కోటను కార్లు ఆగే చోటి నుంచి తలెత్తి చూసి తిరిగి వచ్చాము. ఇద్దరికీ కలిపి ఒకే ఛార్జరు ఇచ్చారని ఇక్కడ చెప్పాలి. రాత్రి ఒక సైకిలు ఛార్జయ్యాక రెండోది పెట్టడానికి తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచేవాళ్లం, ఆ రోజు లేవలేదు.

ప్రకటనలో ఈ కోటలన్నీ "కాథార్లు కట్టినవి" అని కూడా రాశారు. చరిత్ర మీద ఆసక్తితోనే డబ్బు కట్టినవాడిని కాబట్టి దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయలేకపోతున్నాను. కాథార్లపై 1209లో మొదలైన క్యాథలిక్ చర్చి దండయాత్రలో 1244 మార్చి 16న మోన్‌సెగ్యూర్ కోట కింద రెండు వందల మందికి పైగా సజీవ దహనమయ్యారు, 1255లో కెరిబ్యుస్ కూడా లొంగిపోయింది. 1258లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ, అరగాన్ రాజు మధ్య కోర్బేయ్ ఒప్పందంతో సరిహద్దు ఈ కొండల మీదికి వచ్చింది. ఇప్పుడు మనం చూసే గోడల్లో చాలా భాగం ఆ సరిహద్దు కాపలా కోసం రాజు కట్టించినవే, 1659లో సరిహద్దు పిరెనీస్ దాకా జరిగాక వాటి అవసరం తగ్గిపోయింది. ప్రకటన పైభాగంలో పెద్దగా వేసిన ఫొటో మోన్‌సెగ్యూర్‌ది. అది పొరుగున ఉన్న ఆరియేజ్ జిల్లాలో ఉంది. మా ఆరు రోజుల దారి ఆ జిల్లాలో అడుగే పెట్టదు.

భోజనం గురించి రెండు మాటలు చాలు. ఫ్రెంచి పల్లెల్లో సోమవారం రెస్టారెంట్లు మూసి ఉండడం మామూలే, ఆ సంగతి చూసుకోవలసింది రాత్రి భోజనం కలిపి అమ్మినవారు. ఆ సోమవారం రాత్రి కుకున్యాన్‌లో గాలిమర పక్కన ఉన్న బేకరీలో పగలు కొన్న రొట్టె, మా వాడి సంచిలోని ఆవకాయ లేకపోతే పస్తే.

తిరిగి వచ్చాక కంపెనీకి రాస్తే, తాము కేవలం మధ్యవర్తులమని, సైకిళ్ల గురించి గ్యారేజీని, బస గురించి ఇంటి యజమానిని అడగాలని జవాబు వచ్చింది. ఇది చెల్లదు. బస, సైకిలు అద్దె వంటి రెండు మూడు సేవలను కలిపి ఒకే ధరకు అమ్మితే, 2018 జులై నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ ప్యాకేజీ ప్రయాణ నిబంధనల ప్రకారం అది ప్యాకేజీ అవుతుంది, సేవ ఎవరు అందించినా బాధ్యత ప్యాకేజీని నిర్వహించినవారిదే. ఇచ్చినది చెప్పినదానికి సరిపోకపోతే ధర తగ్గించమని అడిగే హక్కు కొన్నవారికి ఉంటుంది. అయితే లోపాన్ని గమనించిన వెంటనే తెలియజేయాలన్న షరతు కూడా అందులోనే ఉంది, నా కేసు బలహీనపడింది ఇక్కడే. గ్యారేజీ ముందు పంపని ఆ ఈమెయిలును బ్యాంకువారు మొదటి రోజే అడిగారు.

ఫ్రాన్స్‌లో ఇలాంటి ప్యాకేజీలు అమ్మే సంస్థ ప్రభుత్వ పర్యాటక సంస్థ ఆతూ ఫ్రాన్స్ దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య ఐఎం అనే అక్షరాలతో మొదలవుతుంది, నమోదైనవారి జాబితాను ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. మా ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక సంఖ్య ఉంది. యాత్ర ముగిసిన పది రోజులకు దాన్ని వెతికితే వేరే ఊళ్లోని వేరే సంస్థ పేరు వచ్చింది. రెండు నిమిషాల పని, డబ్బు కట్టక ముందు చేసి ఉంటే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు. దాంతో పాటు ఒక్క రోజు జీపీఎస్ ఫైలును ముందుగా పంపమని అడగండి. తమ దారి తాము తొక్కి చూసుకున్నవారు సాధారణంగా ఇందుకు వెనకాడరు. వచ్చిన ఫైలును మ్యాపు మీద పరిచి, అది జీఆర్ గీత మీదే పోతోందేమో చూడండి. సైకిలు మోడలు, బ్యాటరీ సామర్థ్యం, ఒక్కొక్కరికి ఒక ఛార్జరు, ఏయే కోటల టికెట్లు ధరలో కలిసి ఉన్నాయి అన్నవి ఒప్పందంలోనే రాయించుకోండి, ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు. తేదీ నిర్ణయించిన విహారయాత్రలకు ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఉండే పద్నాలుగు రోజుల రద్దు హక్కు వర్తించదు కాబట్టి, ముందు కట్టేసి తరువాత ఆలోచిద్దామనుకోవడం కుదరదు.

ఇండియా నుంచి వచ్చేవారు ఇంకొకటి కూడా చూసుకోవాలి. షెంగెన్ వీసా కోసం తీసుకునే, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే బీమా ఉంది కదా అని మా వాడు ధీమాగా వచ్చాడు. మెట్ల దగ్గర జారి మోచేయి చీరుకున్నాక పాలసీ తీసి చదివితే, సాహస క్రీడల మినహాయింపుల్లో మౌంటెన్ బైకింగ్ పేరు స్పష్టంగా ఉంది. గాయం చిన్నది కావడం మా అదృష్టం.

ఇప్పటికి తేలిందేమిటంటే, డిపాజిట్లు ఐదు వారాల తరువాత విడుదలయ్యాయి. ఒక రాత్రి భోజనం, కోటల టికెట్ల కింద 96 యూరోలు తిరిగి ఇచ్చారు. సైకిళ్ల తేడా, దారి గురించి రసీదు కోరుతూ పంపిన రిజిస్టర్డ్ ఉత్తరానికి జవాబు రాలేదు. ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక సిన్యాల్‌కోన్సోలో కూడా నమోదు చేశాను. నిన్న రాత్రి మళ్లీ ప్రకటన తెరిచి చూశాను. మోన్‌సెగ్యూర్ ఫొటో అక్కడే ఉంది, వచ్చే సీజనుకు ధర మాత్రం మనిషికి అరవై యూరోలు పెరిగింది.