స్క్రోల్ సా రివర్స్ టూత్ బ్లేడ్లు, నంబర్ 3, డజను ప్యాకెట్: నా రేటింగ్ 4/5

వేలాడదీసే బొమ్మకి వెనకవైపంటూ ఉండదు. పోయిన డిసెంబర్లో ఒకావిడ చెప్పేదాకా ఈ సంగతి నా బుర్రకి తట్టలేదు. "నక్షత్రం బాగుందండీ, వెనకాల ఈ బొచ్చేంటి?" అని గోటితో గీకి చూపించారు. 3 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్‌లో, లోపలంతా చుక్కల ముగ్గులాంటి డిజైన్ పెట్టి కోసిన క్రిస్మస్ నక్షత్రాలవి, మొత్తం 24. ముందువైపు అద్దంలా ఉంది. తిప్పి చూస్తే ప్రతి రంధ్రం అంచునా నార లేచి ఉంది, సన్నటి మొనల దగ్గర పెచ్చులు ఊడి ఉన్నాయి. దారానికి కడితే గాలికి తిరుగుతుంది కదా, రెండు ముఖాలూ కనిపిస్తాయి. రెండు రాత్రులు కూర్చుని ఉప్పు కాగితంతో రుద్దాను. నూగు పోయింది గానీ ఊడిన పెచ్చు తిరిగి రాదుగా.

ఆ తర్వాత కొన్నవే ఈ బ్లేడ్లు. గుంటూరులో మా వెనక వరండాలో ఉన్నది 16 అంగుళాల స్క్రోల్ సా, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కని వంపులుగా కోసే మెషిన్. దానికి 5 అంగుళాల బ్లేడ్లు పడతాయి. వీటికి చివర పిన్ను (అడ్డంగా ఉండే చిన్న కడ్డీ) ఉండదు. కొనేముందు మీ మెషిన్ ఏ రకం తీసుకుంటుందో చూసుకోండి. పిన్ను ఉన్న బ్లేడు దూరాలంటే చెక్కలో రంధ్రం పెద్దది వేయాలి, సన్న పనికి అది కుదరదు.

మామూలు బ్లేడుకి పళ్ళన్నీ కిందికే చూస్తాయి. కిందికి దిగేటప్పుడే కోస్తుంది కాబట్టి పైపొరని లోపలికి నొక్కుతుంది, అడుగుపొరని బయటికి తోసేస్తుంది. ఆ పొరకి కింద ఆసరా లేకపోతే నార తెగకుండా చీలిపోతుంది. రివర్స్ టూత్ బ్లేడులో కిందిచివర కొన్ని పళ్ళు పైకి తిరిగి ఉంటాయి. నాకొచ్చిన వాటిలో ఆరు. బ్లేడు పైకి లేచేటప్పుడు ఈ పళ్ళు అడుగు అంచుని శుభ్రంగా కోసేస్తాయి.

ఇంతవరకూ ప్యాకెట్ మీద బొమ్మ చూస్తేనే అర్థమవుతుంది. అసలు చెప్పాల్సింది మాత్రం దాని మీద లేదు. ఎంత ఎత్తులో బిగించాలి? మొదటి రోజు బిగించి కోస్తే తేడా ఏమీ లేదు, అదే బొచ్చు. డబ్బులు దండగనుకున్నాను. తర్వాత ప్లగ్ పీకేసి, మోటారుని చేత్తో తిప్పి, బ్లేడుని పట్టుకునే మెషిన్ పైచెయ్యి పూర్తిగా పైకి లేచినప్పుడు చూస్తే ఆ ఆరు పళ్ళూ బల్ల కిందే ఉండిపోయాయి. అవి చెక్కనే తాకకపోతే మామూలు బ్లేడుతో సమానమే! అలా పూర్తిగా లేచినప్పుడు బల్లపైకి రెండో మూడో తిరుగు పళ్ళు కనపడాలి. కనపడకపోతే కింది బిగింపులో బ్లేడుని కొంచెం తక్కువ లోతుకి దించి పట్టించండి. మరీ ఎక్కువ కనపడితే కింది కొసని కట్టింగ్ ప్లేయర్‌తో ఒక ముక్క కత్తిరించండి. ఎక్కువైతే చెక్కని పైకి ఎగరేస్తుంది, ఈసారి పైపొర లేస్తుంది. నేనొకసారి కళ్ళజోడు పెట్టుకోకుండా బ్లేడుని తలకిందులుగా బిగించాను. స్విచ్ వేయగానే ముక్క టకటకా ఎగిరితే వంటింట్లోంచి మా వారు పరిగెత్తుకొచ్చారు.

ఎత్తు సరిచేశాక అడుగు బొచ్చు చాలావరకు పోయింది. పూర్తిగా పోలేదు. ఎందుకంటే బల్ల మధ్యలో బ్లేడు దిగే రంధ్రం నా బొటనవేలంత ఉంది. సన్నటి ముగ్గు గీతలు దాని మీదికి రాగానే కింద ఏ ఆసరా లేక ఊగుతాయి. దీనికి మా అబ్బాయి పాత పరీక్ష అట్ట పనికొచ్చింది. క్లిప్పు పీకేసి, నడుమ 1 మిల్లీమీటర్ బిట్‌తో రంధ్రం చేసి, బ్లేడుని అందులోంచి పైకి తీసి, అట్టని రెండువైపులా అంటుకునే టేపుతో బల్లకి అతికించాను. ఇప్పుడు బ్లేడు చుట్టూ ఖాళీ లేదు. కానీ అట్ట మందం వల్ల బల్ల 3 మిల్లీమీటర్లు పైకొచ్చినట్టే కదా, తిరుగు పళ్ళు మళ్ళీ కిందికి పోయాయి! పళ్ళ లెక్క మళ్ళీ మొదలు. అందుకే ముందు అట్ట, ఆ తర్వాతే బ్లేడు ఎత్తు. నాలాగా రెండుసార్లు చేయకండి.

లోపలి డిజైన్ కోయడానికి బ్లేడు దూర్చే రంధ్రం డ్రిల్ చేసేటప్పుడూ ఇదే గొడవ. కింద పనికిరాని చెక్క పెట్టి, దాని మీద ప్లైని గట్టిగా నొక్కి పట్టి రంధ్రం వేయకపోతే బిట్ అవతలికి దిగేచోట చుట్టూ పెచ్చు లేస్తుంది. అక్కడ పోయిందాన్ని ఏ బ్లేడూ బాగుచేయలేదు. లోపలి రంధ్రాలన్నీ ముందు కోసి, బయటి అంచు ఆఖర్న కోస్తాను. అప్పటిదాకా పట్టుకోవడానికి చేతికి చెక్క దొరుకుతుంది.

డిజైన్ కాగితాన్ని చెక్క మీద నేరుగా అంటించడం మానేశాను. ముందు మాస్కింగ్ టేపు, దాని మీద గ్లూ స్టిక్‌తో కాగితం, ఆపైన ప్యాకింగ్‌కి వాడే పారదర్శక టేపు. ఆ పై టేపు ఉంటే అంచులు నల్లగా కమలడం బాగా తగ్గుతుంది. పని అయ్యాక టేపుని నిటారుగా లాగితే పైపొర కూడా ఊడొస్తుంది. చెక్కకి దాదాపు ఆనించినట్టు మడిచి, నార వెంబడి మెల్లగా లాగాలి. ఇంత చెప్పే నేనే తొందరపడి ఒక చిలుక ముక్కు ఊడగొట్టాను.

ఇక ప్లై. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 4 మిల్లీమీటర్ల కమర్షియల్ ప్లై మీదా ఈ బ్లేడు వాడి చూశాను. దాని పైపొర ఉల్లిపొరంత ఉంటుంది, లోపల అక్కడక్కడా ఖాళీలు. బ్లేడు ఎంత మంచిదైనా సన్న గీతలు నిలబడవు. బిర్చ్ ధర ఎక్కువే, కానీ పాడైపోయే ముక్కలు కూడా లెక్కేస్తే నాకు అదే గిట్టుబాటైంది. షీట్లు వంకర పోకుండా పడుకోబెట్టి, పైన బరువు పెట్టి దాచండి. వంగిన షీటు బల్ల మీద ఆనదు, కోసేటప్పుడు దడదడలాడుతుంది.

ఒక్కో బ్లేడు నాకు ఇరవై నిమిషాల కోత వరకు బాగుంది. ప్లై పొరల మధ్య జిగురు పళ్ళని తొందరగా అరగదీస్తుంది. అరిగితే మనకి తెలియకుండానే చెక్కని గట్టిగా తోస్తాం, గీత పక్కకి పోతుంది, కమురు వాసనొస్తుంది, అడుగున నూగు మళ్ళీ మొదలవుతుంది. అది కనపడగానే బ్లేడు మార్చేస్తాను. పిసినారితనానికి పోతే ఒక బ్లేడు మిగులుతుంది, ఒక బొమ్మ పోతుంది. చుట్టూ పళ్ళుండే స్పైరల్ బ్లేడ్లు కూడా కొన్నాను, ఎటైనా తిరుగుతాయని. తిరుగుతాయి, కానీ రెండువైపులా బొచ్చే. అవి డబ్బాలోనే ఉన్నాయి.

ఒక పాయింటు తగ్గించింది బిగించే ఎత్తు గురించి ప్యాకెట్లో ఒక్క ముక్కైనా రాయనందుకు, పన్నెండింటిలో ఒకటి ముందే వంగి వచ్చినందుకు. సంక్రాంతి ముగ్గు బొమ్మల్లో మలుపులు మరీ ఇరుకు, నంబర్ 3 అక్కడ తిరగడానికి ఇబ్బంది పడింది. వాటి కోసం ఇదే రకంలో ఇంకా సన్నదైన నంబర్ 1 ఆర్డర్ పెట్టాను.