ఎస్‌క్యూలైట్‌లో వేరియబుల్ లేదు: విత్ చాలా, టెంప్ టేబుల్ కావాలా?

భీమవరం వైపు ఓ ధాన్యం కొట్టు లెక్కలు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉన్నాయనుకోండి. తేమ పరిమితి 17 శాతం, బస్తా 75 కిలోలు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లోలా ఇలాంటి విలువల్ని ఓ పేరుతో సెట్ చేసి పెట్టుకునే వేరియబుల్ ఇక్కడ ఉండదు.

ఒకే క్వెరీ (డేటాబేస్‌కిచ్చే ఆదేశం) అయితే దాని మొదట్లో చిన్న టేబుల్‌లా రాసుకునే విత్ చాలు, 3.8.3 వెర్షన్ నుంచీ ఉంది. పైన ఒక వరసలో 17, 75 పెట్టి కింద క్రాస్ జాయిన్ చేయడమే, అంటే అసలు టేబుల్లో ప్రతి వరసకీ ఆ విలువలు జతచేయడం. సెమీకోలన్ పడి క్వెరీ ముగియగానే ఆ విలువలు పోతాయి.

చిక్కంతా బిల్లు ఎక్కించేటప్పుడే. ముందు బిల్లు వరస, దాని కింద అదే బిల్లు నంబరుతో నాలుగు లాట్ల వరసలు. చివరగా చేర్చిన వరస నంబరునిచ్చే లాస్ట్ ఇన్సర్ట్ రోఐడీని నేరుగా వాడితే మొదటి లాటుకి బిల్లు నంబరే పడుతుంది. రెండోదానికి మాత్రం మొదటి లాటు నంబరు అంటుకుంటుంది. అందుకే బిల్లు పడిన వెంటనే ఆ నంబరును ఓ పేరుతో టెంప్ టేబుల్లో (తాత్కాలిక టేబుల్లో) దాచి, ప్రతి లాటుకీ సబ్‌క్వెరీతో (క్వెరీ లోపలి క్వెరీతో) అక్కణ్ణుంచే తీయాలి. ఆ టేబుల్లో పేరు కాలమ్‌ను ప్రైమరీ కీ చేసి (ఒక పేరు ఒక్కసారే ఉండేలా), ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టే ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ వాడితే పాత నంబరు మిగలదు. పేరులో అక్షరం తప్పితే ఎర్రర్ రాదు, నల్ (ఖాళీ విలువ) వస్తుంది. లాట్ల టేబుల్లో బిల్లు నంబరు కాలమ్‌కి ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ పెట్టకపోతే ఆ లాటు ఏ బిల్లుకీ చెందకుండా మిగిలిపోతుంది. కనెక్షన్ మూస్తే టెంప్ టేబులూ మాయం.

పైథాన్ నుంచి నడిపేవాళ్లకి ఈ తంటాలెందుకు? విలువను ప్రోగ్రామ్‌లోనే ఉంచుకుని క్వెరీకి అందించే బైండ్ పారామీటర్లున్నాయిగా.