గండుపిల్లుల పోట్లాటలకు మంచి వైద్యం: పెదవాల్తేరు క్లినిక్‌తో మా అనుభవం

మా చిన్నోడు రెండేళ్ల గండుపిల్లి. పగలంతా ఇంట్లో నిద్రపోతాడు, చీకటి పడితే ప్రహరీ ఎక్కి వెళ్లిపోతాడు. పొద్దున్నే జాలారిపేట నుంచి వచ్చే చేపల అక్క మా వీధి మలుపులో కానాగంతలు కోస్తుంది. ఆ తలకాయల కోసం నాలుగైదు పిల్లులు చేరతాయి. అక్కడ గొడవే ఉండదు. ఒకటి తింటుంటే మిగతావి కాస్త దూరంగా కూర్చుంటాయి. తోక నిటారుగా ఎత్తి వచ్చి, ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకునేవీ ఉన్నాయి.

యుద్ధమంతా రాత్రే, ఒక తెల్ల గండుపిల్లితో. రెండూ కదలకుండా నిలబడి పసిపిల్లల ఏడుపులా అరిచి అరిచి, చివరికి కలబడేవి.

ఆగస్టులో చిన్నోడి దవడ కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. తిండి మానేశాడు. నాకు ఒకటే టెన్షన్. విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరమ్మ చూడగానే కాటు అన్నారు. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుందట. పైన చర్మం త్వరగా మూసుకుపోయి లోపల చీము పడుతుందట. వెంట్రుకలు గొరిగి, చీము తీసి కడిగారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ అనే వైరస్ ఉందేమోనని పరీక్ష కూడా చేశారు. ఆ వైరస్ ఎక్కువగా ఇలాంటి కాట్లతోనే పిల్లి నుంచి పిల్లికి వస్తుందని, మనుషులకు రాదని చెప్పారు. లేదని తేలింది, అయినా రెండు నెలలకు మళ్లీ చేయించమన్నారు.

పుండు మానాక న్యూటరింగ్, అంటే వృషణాలు తీసేసే ఆపరేషన్, చేయించాం. "పాపం, మూగజీవికి ఎందుకమ్మా ఇదంతా?" అని అత్తయ్య బాధపడితే, డాక్టరమ్మ ఆవిడను కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. ఆడపిల్లుల కోసం, హద్దుల కోసం తిరగడం, కొట్లాడటం తగ్గుతాయని, కానీ హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందని అన్నారు. అలాగే జరిగింది. మొదటి రెండు వారాలు అరుపులు మామూలే. ఇప్పుడు వాడు బయటికి వెళ్తున్నాడు కానీ ఆ దూకుడు లేదు. స్కూటర్ కవరు మీద వాడు చిమ్మే మూత్రం ఘాటు వాసనా పోయింది.

వైద్యానికి, ఆపరేషన్‌కి కలిపి 4,200 అయింది. నాకు ఎక్కువ అనిపించలేదు. ఒక్కటే లోటు: కుక్కలకూ పిల్లులకూ ఒకే గది. బుట్ట మీద తువ్వాలు కప్పినా చిన్నోడు వణికిపోయాడు. పిల్లులకు వేరే సమయం పెట్టమని అడిగాను.

ఆ తెల్లదానికి మాత్రం ఎవరూ లేరు. వీధి పిల్లికైతే సగం ఫీజు చాలన్నారు. రోజూ బుట్టలో చేప ముక్క పెట్టి అలవాటు చేస్తున్నాను. నిన్న ముందు కాళ్లు రెండూ లోపల పెట్టింది.